వెనక్కి జరిపిన బరువు

రాయి కోసే యంత్రాన్ని ట్రెయిలర్ మీదికి ఎక్కించేసరికి జీపు వెనక భాగం కుంగి, ముక్కు పైకి లేచింది. అది చూసి అన్న తుపుక్కున ఉమ్మేశాడు.

"ఏరా చిన్నోడా, బండిని ఆకాశంలోకి లేపావేంటి? విమానం అనుకున్నావా?"

పనివాళ్లంతా నవ్వారు. చిన్నోడు నవ్వలేదు. మీసాలు రాకముందు నుంచీ ఆ యంత్రం మీద పనిచేస్తున్నది అతనే. ఇవాళ అది కొండ అవతల కొత్త షెడ్డుకు వెళ్లిపోతోంది. ఆ షెడ్డు అన్న బామ్మర్దికి. యంత్రం వెంట పనీ, పనివాళ్లూ అక్కడికే. సొంత తమ్ముడికి మిగిలేవి ఖాళీ గోడలు.

అయినా చెప్పాల్సింది చెప్పాడు. "యంత్రం, ట్రెయిలరు కలిపి దగ్గరదగ్గర మూడు టన్నులన్నయ్యా. ఈ జీపు లాగగలిగేది రెండే. తలుపు లోపల రేకు మీద రాసుంది చూడు. లారీ పిలుద్దాం."

అన్న జీపు వెనకున్న కొక్కేన్ని బూటుతో తన్నాడు. "మరి దీని మీదేం రాసుంది? మూడున్నర. కళ్లు కనపడట్లేదా?"

"అది కొక్కెం ఓర్చుకునే బరువు. బండి లాగేది వేరు."

"లారీ బాడుగ మీ మామ ఇస్తాడా? ఒరేయ్, యంత్రాన్ని వెనక్కి జరపండ్రా. ముక్కు దానంతటదే దిగుతుంది."

"వద్దన్నయ్యా! బరువు చక్రాలకి ముందుండాలి. కొంత కొక్కెం మీద పడాలి. వెనక్కి జరిపితే దిగుడులో ట్రెయిలరు తోక ఊపుతుంది. బండిని కూడా..."

చెంప ఛెళ్లుమంది.

"నాకు పాఠాలు చెప్పేంత మొనగాడివయ్యావా? తప్పుకో."

చిన్నోడు తప్పుకున్నాడు. పనివాళ్లు గడ్డపారలు పెట్టి యంత్రాన్ని ట్రెయిలర్ చివరిదాకా నెట్టారు. జీపు ముక్కు దిగింది. చూసేవాళ్లకి బండి చదునుగా, ముద్దుగా నిలబడింది. అన్న చేతులు దులుపుకున్నాడు.

చిన్నోడు ఇంకోసారి నోరు విప్పలేదు. గొలుసులు మాత్రం తనే కట్టాడు. ఆ బరువు ఉన్నచోటి నుంచి అంగుళం కూడా ముందుకు రాకుండా, ఒళ్లు దగ్గర పెట్టుకుని బిగించాడు.

తన తమ్ముడి కొత్త షెడ్డు చూడ్డానికి వదిన కూడా ముందు సీట్లో ఎక్కింది. అద్దం దించి, గొంతు తగ్గించి అంది: "మీ అన్న చెయ్యి దురుసయ్యా, ఏమనుకోకు. నేను మాట్లాడతాను. ఆ షెడ్డులో నీకూ సగం ఉండేలా చూస్తాను."

చిన్నోడి నాలుక చివరిదాకా ఏదో వచ్చింది. అన్న హారన్ మోగించాడు. "మరిదీ వదినల ముచ్చట్లు చాలు, సాయంత్రం చెప్పుకోండి!"

జీపు కదిలింది. చిన్నోడు వచ్చిన మాట మింగేశాడు.

మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"ఒరేయ్, దిగుడులో ఉన్నాం! వెనకది అటూ ఇటూ కొట్టేస్తోందిరా! బండి నా మాట వినట్లేదు. ఏం చెయ్యను? చెప్పరా!"

ఫోన్లోనే, అన్న పక్క నుంచి వదిన కేక వినపడింది. "ఏవండీ, లోయ!"

ఏం చెయ్యాలో చిన్నోడికి తెలుసు. యాక్సిలరేటరు వదిలెయ్యాలి. స్టీరింగు తిప్పకుండా నిటారుగా పట్టుకోవాలి. జీపు బ్రేకు జోలికి పోకుండా, గేరు పక్కనున్న ట్రెయిలరు బ్రేకు మీట ఒక్కటే నొక్కాలి. ఊపు దానంతటదే చస్తుంది. ఇదంతా చెప్పడానికి ఒక్క ఊపిరి చాలు.

చెంప ఇంకా మండుతోంది.

"జీపు బ్రేకు తొక్కన్నయ్యా. గట్టిగా. కాలు తియ్యకు."

బుద్ధెరిగాక అన్న తమ్ముడి మాట విన్నది అదే మొదటిసారి.

జీపు ఆగబోయింది. వెనకున్న బరువు ఆగలేదు. జీపు నడుము పట్టి రోడ్డుకు అడ్డంగా తిప్పి, రెయిలింగు విరిచి, లోయలోకి ఈడ్చుకుపోయింది. వదిన అక్కడికక్కడే పోయింది. అన్న నడుము కింద చచ్చుబడి ఆసుపత్రి మంచం మీద మిగిలాడు.

మాట కూడదీసుకున్న రోజు అన్న తమ్ముడి చెయ్యి వదల్లేదు.

"నువ్వు సరిగ్గానే చెప్పావురా. గట్టిగా తొక్కమన్నావు. నేనే భయపడి మెల్లగా తొక్కానేమో." చచ్చుబడిన కాళ్ల వైపు చూసుకున్నాడు. "ఇంకాస్త గట్టిగా తొక్కుంటే మీ వదిన బతికేదా?"

చిన్నోడు దుప్పటి సర్దాడు. అన్న కళ్లలోకి చూశాడు.

"బతికేదన్నయ్యా," అన్నాడు.