బీరవ్వ ఏరిన రాళ్లు

బస్సు వాగులో నుంచి పోతున్నది. బాట మీద పోవాల్సిన బస్సు వాగులోకి ఎట్ల దిగిందని డ్రైవర్ని అడుగుదామంటే ఆ సీట్లో ఎవరూ లేరు, స్టీరింగ్ దానంతటదే తిరుగుతున్నది, నీళ్లు మెట్ల దాకా వచ్చి మర్యాదగా అక్కడే ఆగుతున్నయి, అయినా నాకు భయం లేదు, జన్మంతా కండక్టర్ పని చేసినదాన్ని, నా భయమల్లా టికెట్ తీసుకోకుండా ఎవరన్నా దిగిపోతారేమోనన్నదే. సగం సీట్లల్ల మనుషులు, సగం సీట్లల్ల గొర్రెలు. "ముందుకు జరుగుండ్రి, జర ముందుకు, ఎనుక ఎక్కేటోళ్లున్నరు" అని నేను గొంతు చించుకుంటున్న, మనుషులు వినిపించుకోవటం లేదు గానీ గొర్రెలు మాత్రం ఒకదాన్నొకటి ఆనుకొని ముందుకు జరుగుతున్నయి. ఇంత బుద్ధిమంతులైన ప్యాసింజర్లను నా సర్వీసులో ఎన్నడూ చూడలేదు.

చివరి సీట్లో ఒక పిల్ల కూర్చొని ఉన్నది. ఇరవై ఏండ్లుంటయో లేదో, గోచి పోసి కట్టిన చీర, చేతులకు వెండి కడియాలు, ఒళ్లో నల్ల గొంగడి మూట. మూట బరువుకు సీటు కుంగిపోయి ఉన్నది.

"యాడికి?"

"బుర్జు కాడికి."

"మూటల ఏమున్నది?"

"రాళ్లు."

"రాళ్లా? అయితే లగేజీ టికెట్ పడ్తది. ఊకెనే మోసుకపోతందుకు ఇది మీ మేనమామ బస్సు గాదు."

ఆ పిల్ల తల ఎత్తి, ఒక కన్ను మూసి, రెండో కంటితో నన్ను చూస్తున్నది. అట్ల చూసే మనిషి నా బతుకులో ఒక్కతే, మా నాయిన తల్లి బీరవ్వ. ముసలితనంలో కూడా ఎవరు పిలిచినా ఎడమ కన్ను మూసి కుడి కంటితోనే చూసేది, కంట్లో పువ్వు పూసిందేమో అనుకునేవాళ్లం పిల్లలం. అది వడిసెల తిప్పేటోళ్ల చూపని, గురి చూసి చూసి మొఖంలో అట్లనే నిలిచిపోయిందని ఆమె పోయినంక ఎన్నో ఏండ్లకు తెలిసింది. వడిసెల అంటే రాయి విసిరే తాడు, మా కురుమోళ్లం ఉన్నితో అల్లుకుంటం, మధ్యలో రాయి పెట్టే గూడు, ఒక కొసకు వేలికి తొడుక్కునే ముడి. జొన్న చేలల్లో పిట్టలను బెదిరించే ఆ తాడుతోనే మా అవ్వ సాయుధ పోరాటం రోజుల్లో దొర మీద, దొర వెనకాల వచ్చిన పటాలం మీద కొట్లాడింది.

"అవ్వా! నువ్వా?"

"నేను గాక ఇంకెవలనుకున్నవ్ మైసా?"

"నా బిడ్డకంటె చిన్నగున్నవు గదవ్వా!"

"నువ్వేమో ముసలిదానివైనవ్. నిలబడి నిలబడి కాళ్లు ఉబ్బినయ్. కూసో."

కండక్టర్ని పట్టుకొని కూర్చోమన్న ప్యాసింజర్ ఈమె ఒక్కతే. నేను పక్కన కూర్చుందామనేసరికి సీటు లేదు, బస్సు లేదు, ఇద్దరం వాగు ఇసుకలో కూర్చొని ఉన్నం, గొర్రెలు నీళ్లు తాగుతున్నయి, నా మెడలో టికెట్ మిషన్ మాత్రం అట్లనే వేలాడుతున్నది, దాని నుంచి ఏమీ రాయని కాగితం సన్నగా బయటికి వస్తనే ఉన్నది.

అవ్వ రాళ్లు ఏరుతున్నది. ఒక రాయి తీసి అరచేతిలో బరువు చూసుకుంటున్నది, ఇంకో రాయి మీద కొట్టి, చెవి దగ్గర పెట్టుకొని వింటున్నది. ఖంగుమంటే గొంగట్లోకి, మొద్దుగా చప్పుడైతే నీళ్లల్లోకి.

"గట్ల కొట్టి చూసుడెందుకవ్వా? రాయి రాయే గదా?"

"రాయి రాయేనా? నీ తలకాయ. లోపల పగులుంటే వడిసెల తిప్పంగనే పెఠిల్లున ఇచ్చుకపోయి మనోళ్ల మొఖాలకే తగుల్తది. గుండ్రంగుండాలె, ఖంగుమని పలకాలె. పలికే రాయే దూరం పోతది." ఇంకో రాయి చెవి దగ్గర పెట్టుకొని, దాన్ని వింటూనే అడుగుతున్నది, "మనింట్ల కుండల నీళ్లు సల్లగుంటున్నయా బిడ్డా?"

"ఉంటున్నయ్. గిప్పుడు కుండ ముచ్చటెందుకు?"

గొంగట్లో ఇంకో రాయి పడుతున్నది.

నాకు ఓపిక తక్కువ, చిల్లర దగ్గరే ఆగదు నా నోరు, అవ్వ దగ్గర ఏం ఆగుతుంది. "అవ్వా, రాళ్లు తర్వాత ఏరుదువుగాని, ముందు నా మాట ఇను. ఇయ్యాల సాయంత్రం మనూళ్లె సభ ఉన్నది. కూలిపోయిన బుర్జు కాడ స్థూపం కడ్తున్నరు. రాతి మీద ఎవలెవల పేర్లు చెక్కాల్నో ఇయ్యాలనే ఖాయం జేస్తరు. నీ పేరు ఉండాలె. అందుకే సెలవు పెట్టి వచ్చిన."

"నా పేరెందుకు?"

"ఎందుకంటవేందవ్వా!" కోపం మామూలుగా నా ముక్కు మీదనే ఉంటుంది, కలలో అది నెత్తికెక్కుతున్నది. నేనెంత తిరిగిన్నో ఈమెకేం తెలుసు. ఏ రూటు మీద డ్యూటీ పడ్డా, ఎక్కిన ముసలోళ్లనల్లా "ఏ ఊరు పెద్దమ్మా, ఆ రోజుల్ల మీ దిక్కు దళం తిరిగిందా, బీరవ్వ పేరు విన్నవా" అని అడిగిన, ముచ్చట్లల్ల పడి స్టేజీలు దాటించి తిట్లు తిన్న, సెలవు దొరికితే వాళ్ల గడపలు వెతుక్కుంట పోయిన. సగం మందికి యాది లేదు. యాది ఉన్నోళ్లు మాత్రం ఒకటే చెప్పిన్రు, బీరవ్వ వడిసెల తిప్పిందంటే గుర్రం మీదోడు కిందికి రావాల్సిందే, ఆమె బుర్జు మీద ఉన్నన్ని రోజులు పటాలం ఊరి పొలిమేర తొక్కలేదు. ఒక ముసలమ్మ అయితే దిగబోయేదల్లా వెనక్కి తిరిగి, "బీరవ్వ మనుమరాలివా నువ్వు" అని నా రెండు చేతులు పట్టుకొని కళ్లకద్దుకున్నది, బస్సంతా నన్నే చూసింది, ఆ పొద్దు డ్యూటీ దిగేదాకా నా కాళ్లు నేల మీద లేవు. కానీ అంతా చెప్పినంక, చివరికి వచ్చేసరికి, ప్రతి ఒక్కరూ గొంతు తగ్గించి ఇంకో ముక్క చెప్పేటోళ్లు.

"ఏం ముక్క?" అని అవ్వ అడుగుతున్నది, నేను పైకి ఏమీ అనకపోయినా.

"బుర్జు దిగొచ్చినవని. పటాలం ఫిరంగి తెచ్చిన పొద్దు అందరూ పైన ఉండంగ నువ్వొక్కదానివే దిగొచ్చినవని, పైనున్నోళ్లంత పోయిన్రు, నువ్వు బతికినవని. గౌండ్లోళ్ల ఎల్లయ్య తమ్ముడు సోమనర్సయ్య తాత లేడూ, మొన్న నా మొఖం మీదనే అన్నడు. మా అన్న చేతిల వడిసెలతోని సచ్చిండు, సచ్చినోళ్ల పక్కన దిగొచ్చినామె పేరెట్ల చెక్కుతరు అన్నడు. ఆయన్ని నేనేమనాలె? ఆయన అన్న పోయిండు. ఎందుకు దిగినవవ్వా? భయమైందంటే భయమైందని చెప్పు. నేనేమనుకోను. కానీ నాకు తెల్వాలె."

ఏమనుకోనని అబద్ధం చెబుతున్న. భయమైందని ఆమె నోటితో అంటే నేను సాయంత్రం సభకు పోలేను, ఇంక ఏ బస్సులో ఏ ముసలమ్మను బీరవ్వ పేరెత్తి అడగలేను. అవ్వ రెండు రాళ్లు కొట్టి వింటున్నది, నేనూ వింటున్న, ఆ చప్పుడు వాగు అవతలి ఒడ్డు దాకా పోయి వస్తున్నది.

"ఎల్లన్న చేతిలున్న వడిసెల ఎవలిదనుకున్నవ్? గౌండ్లాయనకు మోకు తెలుసు, తాటిచెట్టు తెలుసు, ఉన్ని వడిసెల ఆయన ఇంట్ల ఎట్లుంటది? అది నాది. దిగేటప్పుడు నా వేలికి తీసి ఆయన వేలికి తొడిగిన. నేనొచ్చేదాంక తిప్పుతనే ఉండు అన్నా, అని చెప్పొచ్చిన."

"వచ్చేదాంక అంటే?"

"రాళ్లు ఒడిసినయ్ బిడ్డా, పైన మంచి రాయి ఒక్కటి మిగల్లే."

ఆ మాట అంటుంటేనే వాగు నడుమ బుర్జు లేస్తున్నది, మట్టితో రాతితో కట్టిన గుండ్రటి బుర్జు, చిన్నప్పుడు నేను దాన్ని మేకలు ఎక్కి తిరిగే మట్టి దిబ్బగానే చూసిన, ఇప్పుడు తాటిచెట్టంత ఎత్తున నిలబడ్డది, నీళ్లు దాని చుట్టూ తిరిగి పోతున్నయి, పైన తలలు కనబడుతున్నయి, ఒక గొంతు పిలుస్తున్నది, "బీరవ్వా! రాళ్లు! రాళ్లే బీరవ్వా!"

"వేరేటోళ్లను పంపొచ్చు గదవ్వా?"

"పంపిన. మొరం గడ్డలు తెచ్చిన్రు. మనూరిది చెల్క, ఎక్కడ తవ్వినా మొరమే గదా. మొరం గడ్డ వడిసెలల పెట్టి తూర్పుకు కొడితే ఉత్తరం దిక్కు పోయి పడ్తది. గుండ్రాళ్లు ఈ వాగులనే దొరుకుతయ్. నా అంత మంచిగ ఏరేటోళ్లు ఊళ్లె లేరు. అందుకే నేనే దిగిన. తూటాల నడుమల నుంచే వచ్చిన, సూడు." చీర కొంగు పరిచి చూపిస్తున్నది, కొంగు నిండా సన్న చిల్లులు, ఆ చిల్లుల్లో నుంచి వాగు కనబడుతున్నది.

ఓయమ్మో, నా అవ్వ! నాకు లేచి గంతెయ్యాలనిపిస్తున్నది, విజిల్ కొట్టి గొర్రెలన్నిటికీ చెప్పాలనిపిస్తున్నది. "ఇంక లే మరి, మూట నిండింది, పిలుస్తున్నరు, పోదాం పా!"

"ఇంకొకటి ఏరుత. ఇది పలుకుతలేదు."

"అవ్వా, పిలుస్తున్నరు!"

"ఇంకొక్కటి."

ఎక్కడో టైరు పేలినట్టు పెద్ద చప్పుడు. నా బస్సుదేమోనని అలవాటుగా అటు తిరిగి చూస్తున్న, బస్సు లేదు, ఇటు తిరిగేసరికి బుర్జు లేదు, నీళ్ల మీద ఎర్రటి దుమ్ము లేస్తున్నది, గొర్రెలన్నీ తలలెత్తి అటే చూస్తున్నయి, పిలిచే గొంతు ఆగిపోయి ఉన్నది. పక్కన కూర్చున్నది ఇరవై ఏండ్ల పిల్ల కాదు, నాకు తెలిసిన అవ్వే, పండ్లు ఊడిపోయి, చెవులు సాగిపోయి, మూట ఒళ్లో పెట్టుకొని.

"గిదే జరిగింది మైసా. ఏవో దొరికినయ్ ఎత్తుకొని ఉరికితే అందేదాన్నేమో. మంచి రాయి, ఇంకో మంచి రాయి అనుకుంట కూసున్న. ఈ ముచ్చట ఎవలకు చెప్పాలె? ఎల్లన్న తల్లికి చెప్పాల్నా, నీ కొడుకు పిలుస్తుంటే నేను రాళ్లు కొట్టి ఇనుకుంట కూసున్ననని? దిగొచ్చిందంటే అననీ అనుకున్న. దిగింది నిజమే గదా."

నేను ఏడుస్తున్న, ఏడుస్తూనే ఆమె మీద అరుస్తున్న. "అందితే ఏమయ్యేదవ్వా? నువ్వూ ఆ మట్టి కిందనే ఉండేదానివి! మా నాయిన పుట్టకపోవు, నేనూ ఉండకపోదును! అటు దిక్కు ఫిరంగి పెడితే ఇటు దిక్కు ఉన్ని తాడు పట్టుకొని నిలబడ్డోళ్లు మీరు. ఆ తాడుల పెట్టే రాయి గూడ పగులు లేంది గావాలన్నవ్ నువ్వు. ఇంత పనిమంతురాలు నా అవ్వ అని చెప్పుకుంటందుకు నాకు ఒక్క బస్సు సాలదు, డిపో మొత్తం గావాలె!"

అవ్వ బోసినోటితో నవ్వుతున్నది. "నీ నోరు అచ్చం నా నోరే. సభల జర మెల్లగ మాట్లాడు." నవ్వు ఆపి మూట మీద చెయ్యి వేస్తున్నది. "అన్నీ సరే గని బిడ్డా, రాళ్లు తెస్తనని మాటిచ్చి దిగిన. అవి ఇంకా బుర్జు మీదికి చేరలే. మూట దించుతందుకు జాగ దొరకక ఇంటికి మోసుకొచ్చుకున్న. నువ్వు జర చేర్చు."

"చేరుస్త."

"మరి లగేజీ టికెట్?" ఒక కన్ను మూసి అడుగుతున్నది.

"నీకు జన్మజన్మలకు పాసే, ఎక్కు."

ఇద్దరం కలిసి మూట నా నెత్తికెత్తుతున్నం, మెడ విరుగుతుందనుకుంటున్న గానీ విరగటం లేదు, గొంగట్లో నుంచి వాగు నీళ్లు కారి, మెడ మీద నుంచి, వీపు మీద నుంచి, చల్లగా పాదాల దాకా వస్తున్నయి.

"అయ్యో, నీళ్లు పడ్డయా వదినా? మంచిగైంది, లేచినవ్. సభకు టైమైతున్నది."

మా తమ్ముడి భార్య స్వరూప చెంబుతో కుండలో నీళ్లు ముంచుతున్నది. పగటన్నం తిని, ఎండకు తాళలేక కుండ పక్కనే చాప పరుచుకొని ఒరిగినట్టు యాదికొచ్చింది. పాదం తడిసింది. కిటికీలో నుంచి మైకు కట్టేటోళ్ల మాటలు వినబడుతున్నయి.

కుండ దిక్కు చూసిన. ఇంటి పెంకులు పోయి స్లాబు వచ్చింది, ఎన్ని కుండలు పగిలి ఎన్ని మారినయో, కింద కుదురుగా పేర్చిన రాళ్లు మాత్రం అవ్వ పెట్టినయే. వాటిని పారెయ్యొద్దని నాయిన అనేవాడు, ఎందుకో ఆయనకూ తెలియదు. పుట్టినప్పటి నుంచి కండ్ల ముందరున్న రాళ్లు, ఇవాళే మొదటిసారి చూసిన. అన్నీ నున్నగా, గుండ్రంగా, పిడికిట్లో పట్టేటంత. మొరం తప్ప ఇంకోటి దొరకని మా ఊళ్లో.

"స్వరూపా, జర ఈ కుండ పక్కకు పెట్టు."

"ఏమైంది వదినా, కల గిన వచ్చిందా?"

తను కుండ దించింది. నేను తడి రాళ్లు రెండు తీసుకొని, చెవి దగ్గర పెట్టుకొని కొట్టిన. ఖంగుమన్నయి. ఇంకోటి తీసి కొట్టిన, ఖంగుమన్నది. ప్రాణాలకు భయపడి ఉరికే మనిషి రాళ్లు కొట్టి చూసి ఏరుకోదు. కింద కూర్చొని ఒక్కటి కూడా వదలకుండా అన్నీ కొట్టి విన్న, ఒక్కటంటే ఒక్కటి మొద్దుగా పలకలేదు.

తువ్వాల పరిచి రాళ్లన్నీ మూట కట్టిన. స్వరూప నన్నూ మూటనూ మార్చి మార్చి చూసింది.

"గివన్ని ఏస్కొని యాడికి వదినా?"

"బుర్జు కాడికి," అన్న. "ఎత్తు."