లోపలికి ఎక్కని సరుకు

రాణిగంజ్‌లో ఒక లారీ పార్సిల్ ఆఫీసు, పదకొండేళ్ల కూతురు మంజరి, ఆ పిల్ల కొలెస్ట్రాల్ ఐదొందల అరవై అని చెప్పే కాగితం. రెండువేల ఎనిమిదిలో కార్ఖానా బస్తీలోని డాక్టర్ దేవకృప ముందు కూర్చున్ననాటికి సదాశివ చేతిలో ఉన్నవి అవే. మంజరి మోచేతుల మీద శనగగింజలంత పసుపు గడ్డలు లేచాయి. ఇంట్లో నెయ్యి మానేసి ఏడాదైనా అవి తగ్గలేదు.

"రక్తంలోని కొవ్వును పట్టుకునే కొక్కేలు కాలేయ కణాల మీద ఉంటాయండీ. పాపకు అవే లేవేమోనని నా భయం. అలాగైతే మందులు పెద్దగా పనిచేయవు" అంది దేవకృప. "అదే అయితే మీ ఇద్దరికీ కొలెస్ట్రాల్ ఎక్కువే ఉండాలి. మీ రక్తం కూడా చూద్దాం."

వారం తిరిగాక భార్యాభర్తల రిపోర్టులు వచ్చాయి. రెండూ మామూలుగా ఉన్నాయి. సదాశివకు సంతోషం బదులు అనుమానం పుట్టింది.

"మా ఇద్దరిది సక్కగుంటే పిల్ల దగ్గర ఇంత తేడా ఎట్లొచ్చింది మేడం?"

"అదే నాకూ అంతుపట్టడం లేదు. మీది మేనరికమైతే ఒక దారి కనపడేది. ఫారంలో బంధుత్వం లేదని రాశారుగా."

సదాశివ చొక్కా గుండీ సవరించుకున్నాడు. మేనరికమంటే ఆస్పత్రివాళ్లు తిడతారని ఎవరో చెబితే, తిట్లు తప్పించుకుందామని తనే అలా రాశాడు.

"చెప్పరాదు? నోట్లె బెల్లం పెట్టుకున్నవా?" భార్య విజయమ్మ మోచేత్తో పొడిచింది. "మా నాయిన ఈయనకు సొంత మేనమామ, మేడం. తొట్టెలల్ల ఉన్నప్పుడే నన్ను ఈయనకు అనుకున్నరు. బేరాలల్ల ఆడే అబద్ధం ఈడ సుత ఆడిండు."

దేవకృప తిట్టలేదు. కుర్చీ ముందుకు జరుపుకుంది. "కొక్కేలుండి కూడా పని ఆగిపోవచ్చు. కొవ్వు పట్టిన కొక్కేన్ని కణం ఒక చిన్న తిత్తిలో లోపలికి లాక్కుంటుంది. ఆ తిత్తికి బయట జాలీలాంటి పూత ఉంటుంది. ఈ కొక్కేన్ని ఏరి ఆ తిత్తికి అప్పగించే ప్రొటీన్ ఒకటి ఉంది. దాన్ని తయారుచేసే జన్యువు ప్రతివారిలో రెండు నకళ్లుగా ఉంటుంది. ఒకే కుటుంబం కనుక మీ ఇద్దరిలో చెరొక నకలు చెడినా, రెండోది బాగుంది కనుక మీకు తెలియలేదు. పాపకు రెండువైపులా చెడిందే వచ్చి ఉంటుంది."

"అంటే లారీ ఉన్నది, మూట ఉన్నది. మార్కా చూసి ఎక్కించే హమాలీ రాలే. సరుకంతా వాకిట్లనే పడున్నది" అన్నాడు సదాశివ.

"సరిగ్గా అంతే! అదే నిజమైతే మందులు బాగా పనిచేస్తాయి."

రక్తం పై దేశం లాబుకు వెళ్లింది. రెండున్నర నెలలు సదాశివ ఆఫీసులో ఏ సరుకు రసీదు బిల్టీ మీద ఏ ఊరు రాస్తున్నాడో తనకే తెలియలేదు. చివరికి జవాబు వచ్చింది. కొక్కేలు నిక్షేపంగా ఉన్నాయి, అప్పగించే ప్రొటీనే లేదు. సదాశివ పకపకా నవ్వాడు.

"బిడ్డకు రోగమంటే నవ్వుతవేందయ్యా?" విజయమ్మ కళ్లు తుడుచుకుంటూ అడిగింది.

"మందుకు లొంగే రోగమన్నరు గదనే!"

ఆర్నెల్లకు కొలెస్ట్రాల్ రెండొందల ముప్పైకి దిగింది. గడ్డలు కరగడం మొదలైంది. గుండె పరీక్షలో రక్తనాళాలు బాగున్నాయని తేలింది. రోజుకు రెండు మాత్రలు, అదీ జీవితాంతం, ఖర్చు కింద పోతాయి. అవి పోను సదాశివకు కూతురు మిగిలింది.