మేడమ్ ఉంటే పరుగే

రెబెకమ్మ ఆ శనివారం ఆత్మకూరు హాస్టలుకి ఒక నిర్ణయం చేసుకునే వచ్చింది. ఇవాళ కూడా పిల్లలు పాఠం చివర చెడగొడితే, వార్డెన్ రజినికి చెప్పేసి ఈ చెల్లో క్లాసుకో దణ్ణం పెట్టడం. ఎంతకని లాగుతుంది మనిషి? వారమంతా ఉదయగిరిలో నర్సు డ్యూటీ, ఇంట్లో మంచం పట్టిన అత్త, దొరికిన ఒక్క సెలవూ బస్సుల పాలు. గేటు దగ్గరే రజినితో, "పోయేముందు నీకొక మాట చెప్పాల" అనేసింది కూడా.

చెల్లో అంటే వయొలిన్‌కి పెద్దమ్మ అనుకోండి. కుర్చీలో కూర్చుని, మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని వాయించాలి. ఎవరో దాతలు హాస్టలుకి నాలుగు ఇచ్చారు. ఇచ్చేవాళ్లకేం, ఇచ్చి ఫోటో దిగి పోతారు, నేర్పేదెవరు? మద్రాసులో నర్సు చదువు చదివే రోజుల్లో చర్చిలో నేర్చుకున్న పాపానికి, అది రెబెకమ్మ నెత్తిన పడింది.

సోమశిల, మర్రిపాడు వైపు నుంచి వచ్చిన నలుగురు ఆడపిల్లలు. మంచివాళ్లే. వాళ్లకిచ్చిన పాఠం చూడ్డానికి చిన్నదే గానీ ప్రాణం తీసే రకం. మొదట నెమ్మదిగా నడవాలి, నడుమ పరుగెత్తాలి, చివర నలుగురూ ఒక్క ఊపిరిగా నెమ్మదించి ఆగాలి. మొదలు బాగుంటుంది, పరుగూ బాగుంటుంది. చివరికొచ్చేసరికి తోడేలు తరిమిన గొర్రెల్లా ఎవరికి వాళ్లు పడుతూ లేస్తూ ముగించేస్తారు. నెలల తరబడి ఇదే తంతు. రేపే చర్చిలో అందరి ముందూ వాయించాలి.

ఆ సాయంత్రమూ నడుమ పరుగు ముగిసింది. పాఠం కాగానే ఉదయగిరి ఆఖరి బస్సు పట్టుకోవాలి కదా, రెబెకమ్మ ఎప్పట్లాగే ఒక చేత్తో తాళం వేస్తూ, రెండో చేత్తో కాయితాలు సంచిలో సర్దుకుంటూ, కాలితో చెప్పులు వెతుక్కుంటోంది. పిల్లలు మళ్లీ పరుగు లంకించుకున్నారు.

"ఆపండి!" అని అరిచింది. "ఎన్నిసార్లు చెప్పాల? గోడకి చెప్పినా ఈపాటికి నేర్చుకునుండేది!"

ముగ్గురు తలలు దించుకున్నారు. అందరిలో పెద్దదైన పావని మాత్రం వాయించే కమాను ఒళ్లో పెట్టుకుని, "మాకొచ్చు మేడమ్," అంది.

"ఏందే వచ్చేది?"

"నెమ్మదిగా వాయించడం. మీరు లేనప్పుడు అట్నే వాయిస్తాం. మీరుంటేనే..." పక్కవాళ్ల వంక చూసింది. "ఆడికొచ్చేసరికి మీరు సంచి సర్దుకుంటారు గదా. నెమ్మదిగా వాయిస్తే మీకు బస్సు పోతాది. పోయినేడు ఒకసారి బస్సు పోయి, స్టాండులో ఏడస్తా కూర్చున్నారంట. వాచ్‌మన్ చెప్పినాడు. అప్పట్నుంచీ బిరీన అయిపోగొడతన్నాం."

ఇన్నాళ్లూ తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి రెబెకమ్మకి సిగ్గేసింది. ఇల్లెట్లా చేరావని ఇంట్లోవాళ్లే ఏనాడూ అడగలేదు. అడిగితే అన్నం గురించి అడుగుతారు. ఈ పిల్లలు తిట్లు తింటూ, నోరు విప్పకుండా, వారం వారం ఆమెను బస్సెక్కించారు.

ఫోను తీసి మొగుడు యేసుబాబుకి చేసింది. "ఈ రాత్రికి రాను. మీ అమ్మకి గంజి నువ్వే కాయి. రాకపోతే నేర్చుకో." పెట్టేసి, కుర్చీలో చేరగిలబడింది. "కానియ్యండమ్మా. నాకేం తొందర లేదు."

ఈసారి పరుగు ముగిశాక ఎవరూ చెప్పకుండానే నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నెమ్మదించారు. పనంతా అయ్యాక అరుగు మీద కాళ్లు చాపుకున్నట్టు ఆ లోతు స్వరాలు మెల్లగా దిగి ఆగాయి. చివర అంత బాగుంటుందని నేర్పిన రెబెకమ్మకే తెలీదు. ఎన్నడైనా వింటేగా! కొంగుతో కళ్లు తుడుచుకుంది. అలుపు తీరిందని కాదు, నడుం అట్లాగే లాగుతోంది.

తలుపు దగ్గర రజిని నిలబడి ఉంది. "ఏందక్కా, ఏందో మాట చెప్పాలంటివే?"

"ఏం లేదులే," అంది రెబెకమ్మ. "చాపుంటే ఒకటి ఇప్పియ్యి. పొద్దున ఇంకోసారి వాయించి పోదాం చర్చికి."