ఆ ఆయాసం ఆపొద్దు

పంటి నొప్పికి మా వదిన రెండు రోజుల్లో ఎన్ని ఆస్పిరిన్ మాత్రలు మింగిందో ఆమెకే తెలియదు. కుట్టుమిషన్ సొరుగులో దారపు ఉండల మధ్య దొరికిన ఖాళీ అట్టలన్నీ జేబులో కుక్కుకుని, నేనూ తోడల్లుడూ ఆమెను ఆస్పత్రికి చేర్చేసరికి ఉదయం పదయింది. వదిన అంటే నా భార్యకు అక్క. నా భార్య పోయి నాలుగేళ్లయినా, నా చొక్కాలకు గుండీలు ఉన్నాయో లేదో చూసే మనిషి ఆమె ఒక్కతే.

మంచం మీద వదిన పరుగుపందెం నుంచి వచ్చినట్టు రొప్పుతోంది. ఒళ్లు కాలిపోతోంది. "చెవుల్లో ఆ ఈల ఆపండర్రా!" అని అరుస్తోంది.

నేను చూడలేకపోయాను. "అమ్మా, కాస్త నిద్రపట్టే ఇంజెక్షనేదైనా ఇవ్వండి" అని డాక్టరమ్మను బతిమాలాను.

"ఇస్తే ఇక లేవరు" అందామె, జేబులోంచి నేను తీసిచ్చిన అట్టలు లెక్కబెడుతూనే. "ఆ మాత్రలు రక్తంలో యాసిడ్ పెంచేశాయి. ఈవిడ ఊపిరి గబగబా వదిలి దాన్ని అదుపులో పెట్టుకుంటోంది. ఆ ఆయాసం ఆగితే విషం మెదడుకెక్కుతుంది. డయాలసిస్‌కి అరగంట పడుతుంది. అందాకా ఈ ఆయాసమే ఈవిడకు శ్రీరామరక్ష. మీ చేతికి గడియారముందిగా? నిమిషానికెన్నో లెక్కపెట్టండి. తగ్గితే కేకెయ్యండి."

నర్సు మందు సీసా వేలాడదీస్తూనే కాలితో ఒక స్టూలు నా వైపు నెట్టింది. దాని మీద కూర్చుని, గడియారం చూస్తూ లెక్క మొదలుపెట్టాను.

నలభై రెండు. మళ్లీ నలభై రెండు. నలభై ఒకటి.

"ఏంటి మరిదీ, పెళ్లిచూపుల్లో కూడా ఇంతలా చూసుండవు" అంది వదిన, మాటకొక ఊపిరి తీస్తూ.

"మాట్లాడకు వదినా, లెక్క తప్పుతోంది."

"కాలేజీలో చదివినోడివి... నలభై లెక్కపెట్టలేవూ?"

కాసేపటికి ఆమె కళ్లు మూతలు పడ్డాయి. రొప్పడం నెమ్మదించింది. తోడల్లుడు గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. "హమ్మయ్య! తెరిపిన పడింది తమ్ముడూ. నిద్రపోనీ, కదపకు."

గడియారం చూశాను. ముప్పై. మరో నిమిషానికి ఇరవై నాలుగు.

"డాక్టరమ్మా! తగ్గిపోతోంది!" నా గొంతులోంచి అంత కేక వస్తుందని నాకే తెలియదు.

"ష్! లేపేస్తావురా!" అని తోడల్లుడు నా భుజం పట్టుకున్నాడు. అప్పటికే నలుగురు పరుగెత్తుకొచ్చారు.

"అలసిపోయింది. ఇక గొంతులోకి గొట్టం వెయ్యక తప్పదు" అంది డాక్టరమ్మ. "ముందు యాసిడ్ తగ్గడానికి బైకార్బొనేట్ ఎక్కించండి. మధ్యలో ఊపిరి ఆగే టైము సెకన్లలో ఉండాలి."

మమ్మల్ని తెర అవతలికి పంపారు. తెర సందులోంచి గాలి సంచీ నొక్కుతున్న చేతులే కనిపించాయి. అవి టకటకా నొక్కుతున్నాయి, వదిన మిషన్ తొక్కే జోరులో. తోడల్లుడు నా చెయ్యి వదల్లేదు.

"మేడమ్, వెంటిలేటర్ నిమిషానికి పద్నాలుగులో పెట్టనా?" అన్నాడు టెక్నీషియన్.

"మామూలు మనిషికి పెట్టు పద్నాలుగు! ఈవిడకి ముప్పై నాలుగు. ఊపిరి పెద్దదిగా ఇవ్వు. వదిలింది పూర్తిగా బయటికొస్తోందో లేదో కళ్లప్పగించి చూడు."

"అంత వేగానికి అలారం మోగి చస్తుంది మేడమ్."

"మోగనీ. ఈవిడ చావకపోతే చాలు!"

మోగింది. ఆ మోత మధ్యే మంచం కదిలింది. డయాలసిస్ గది పై అంతస్తులో ఉంది. గచ్చు తుడిచే ఆవిడ లిఫ్టు తలుపుకు తన బకెట్ అడ్డంపెట్టి, "రండి, రండి!" అని అరుస్తోంది. ఆమెకు మేమెవరం? ఇప్పటికీ తలుచుకుంటే చేతులు జోడించాలనిపిస్తుంది.

గంటకోసారి రక్తం తీశారు. మొదటి కాగితం చూసి డాక్టరమ్మ పెదవి విరిచింది. రెండోది మొదటిదాని పక్కన పెట్టి చూసింది. మూడోది చూసి కళ్లజోడు తీసి తుడుచుకుని తోడల్లుడి వైపు తిరిగింది. "యాసిడ్ దిగుతోంది, ఆస్పిరినూ దిగుతోంది. గట్టి మనిషండీ మీ ఆవిడ!"

తోడల్లుడు అక్కడే గోడకు చేరగిలబడి నవ్వాడో ఏడ్చాడో, రెండూ చేశాడు.

మర్నాడు మధ్యాహ్నం గొట్టం తీశారు. ఆ తర్వాతి ఉదయం వార్డులోకి వెళ్లేసరికి వదిన నిద్రలో ఉంది. తోడల్లుడు మంచం పక్కన నిలబడి, నా గడియారం లాక్కుని లెక్కపెట్టాడు. ముఖం పాలిపోయింది.

"తమ్ముడూ, పదహారే! పిలువు, డాక్టరమ్మని పిలువు!"

అరవబోయి నోరు తెరిచాను కూడా. పక్క మంచం దగ్గరున్న నర్సు పకపకా నవ్వింది. "పదహారుండాలండీ బాబూ! మీకెంతుందో చూసుకోండి."

ఆ నవ్వుకి వదిన ఒక కన్ను తెరిచింది. గొంతు గరగరలాడుతోంది. "ఇద్దరూ నా ముక్కుకేసి చూడ్డం మాని, పన్ను పీకేవాడెక్కడున్నాడో కనుక్కోండి."

ఇద్దరం ఒకేసారి గుమ్మం వైపు పరుగెత్తాం.