పుట్టని తమ్ముడి పేరు

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని సామెత. సూర్యాపేటలో సెల్‌ఫోన్ల దుకాణం నడిపే వీరేందర్ ఇంటి మీద ఆ నింద వేయడానికి వీల్లేదు. ఆలు ఉంది, పేరు ప్రవళిక. చూలూ ఉంది, ఏడో నెల. లేనిదల్లా దాని తర్వాత రావాల్సిన రెండో చూలు. ఇంట్లో రోజూ జరిగే చర్చ మాత్రం దాని పేరు గురించే.

ఈ చర్చకు అధ్యక్షురాలు వీరేందర్ తల్లి లింగమ్మ. తోబుట్టువుల పేర్లు ఒకదానితో ఒకటి కలవాలన్నది ఆమె సిద్ధాంతం. పేర్లు కలిస్తే మనసులు కలుస్తాయట. ఆ మాట అనే హక్కు ఆమెకు బాగానే ఉంది. ఆమె అన్నదమ్ములు పెద్ద లింగయ్య, నడిపి లింగయ్య, చిన్న లింగయ్య. ఇంతకంటే పేర్లు ఎక్కడ కలుస్తాయి! ఆ ముగ్గురూ పొలం గట్టు కొట్లాటలో కోర్టుకెక్కి, ఇప్పుడు ఒకరి ఇంటి పెళ్ళికి ఇంకొకరు పోవడం లేదు.

"ఆడపిల్ల పుడితే లహరి అని పెడదాం అత్తమ్మా," అంది ప్రవళిక ఒక సాయంత్రం, బియ్యంలో రాళ్ళు ఏరుతూ. ఆ పేరు ఆమె పెళ్ళికి ముందు నుంచీ మనసులో దాచుకున్నది.

"మంచిగున్నది బిడ్డా," అంది లింగమ్మ వెంటనే. "తమ్మునికి విహారి అని పెడదం."

ప్రవళిక చేయి చేటలోనే ఆగిపోయింది. లహరి ఇంకా పుట్టనే లేదు, తమ్ముడు మాత్రం వచ్చి పక్కన కూర్చున్నాడు.

మరునాడు ఆమె తెలివిగా వెన్నెల అంది. దానికి జత దొరకదని ఆమె ధీమా. వీరేందర్ ఫోన్ తీసి కాసేపు గోకి, "విన్నీల్!" అని అరిచాడు.

"విన్నీల్ అంటే ఏందిరా?" అంది లింగమ్మ.

"అర్థం తర్వాత సూసుకుందం అమ్మా. ముందుగాల జత కుదిరింది గదా."

ఆ మరునాడు సీత అంది. వీరేందర్ ఆలోచించకుండానే రామ్ అనేశాడు. "అక్కాతమ్ముళ్ళకు మొగుడుపెండ్లాల పేర్లు పెడ్తవారా, నీ తెలివి తెల్లారిపోను!" అని తల్లి చీపురు అందుకుంది. ఆ ఒక్క రోజే ప్రవళికకు కాస్త నవ్వొచ్చింది.

చివరికి ఆమె ఇంకో వైపు నుంచి నరుక్కొచ్చింది. "పోనీ, మొదట కొడుకే పుడితే ఏం పేరు అత్తమ్మా?"

"విహారి."

"మరి వాడి జతకు?"

"వానికెందుకే జత?" లింగమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. "వాడొక్కడు సాలడా!"

అప్పుడు తేటతెల్లమైంది లెక్క. కొడుకు పుడితే పేరు పూర్తి. కూతురు పుడితే సగం. మిగతా సగం వచ్చేదాకా ఆ పిల్ల ఎదురు చూడాలి.

ఎదురు చూడటమంటే ఏమిటో ప్రవళికకు ఎవరూ చెప్పక్కర్లేదు. కోదాడలో ఆమె తండ్రి సైదులుకు ఎరువుల దుకాణం ఉంది. ఆమెకు రెండేళ్ళప్పుడు తల్లి మళ్ళీ నెల తప్పింది. ఈసారి కొడుకేనని ఎవరో చేయి చూసి చెప్పారు. సైదులు ఆగలేకపోయాడు. పెద్ద బోర్డు రాయించి 'ప్రవీణ్ ఫర్టిలైజర్స్' అని దుకాణానికి ఎక్కించాడు. పుట్టింది ప్రణవి. ఆ తర్వాత ప్రసన్న. బోర్డు రంగు వెలిసినప్పుడల్లా కొత్త రంగు పడిందే కానీ పేరు మారలేదు. మారిస్తే ఆశ వదులుకున్నట్టు అవుతుందని భయమో, ఖర్చు దండగనుకున్నాడో, ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

సెలవుల్లో ముగ్గురు అక్కచెల్లెళ్ళూ వంతులవారీగా దుకాణంలో కూర్చునేవాళ్ళు. మఠంపల్లి నుంచి యూరియాకు వచ్చిన రైతులు బోర్డు చూసి, "ప్రవీణ్ లేడా అమ్మా?" అని అడిగేవాళ్ళు. లేడని చెబితే ఎక్కడికి పోయాడని ఇంకో ప్రశ్న. అందుకని హాస్టల్లో ఉన్నాడని చెప్పడం మొదలుపెట్టారు. అలా ఆ లేని తమ్ముడు పదో తరగతి పాసయ్యాడు, ఇంటర్ పాసయ్యాడు, ఇంజనీరింగులో సీటు కూడా కొట్టాడు. చదువులో అతనికి తిరుగులేదు, ఒక్క సబ్జెక్టూ తప్పలేదు. బస్తాలు మోసింది, పద్దు చూసింది, తండ్రికి అన్నం క్యారియర్ తెచ్చింది మాత్రం ఆ ముగ్గురే. పేరు ప్రవీణ్‌ది.

కొడుకు పుడతాడేమోనని ప్రవళిక భయపడలేదు, పుట్టడేమోననీ భయపడలేదు. తన కూతురు కూడా ఒక లేనివాడి పక్కన నిలబడి పెరుగుతుందేమోనన్నదే ఆమె భయం. ఆ మాటే భర్తతో చెప్పింది.

"పేరే గదా ప్రవళికా," అన్నాడు వీరేందర్. "దానికింత పరేషాన్ ఎందుకు?"

"పేరే కదండీ. మరి రెండోది అప్పుడు చూసుకుందాం."

"అప్పుడు జత కుదరకపోతే?"

ఇంత దూరదృష్టి ఉన్న మనిషికి ఏం చెప్పగలం!

పురిటికి ఆమె పుట్టింటికి పోయింది. కోదాడలోనే ఆడపిల్ల పుట్టింది. చుట్టాలందరూ లక్ష్మి పుట్టిందన్నారు. కొడుకైతే వెంటనే కేకలు వేసేవాళ్ళు, లక్ష్మి కాబట్టి కొంచెం ఊపిరి పీల్చుకుని అన్నారు. లింగమ్మ ఫోన్లో, "పోనీలే బిడ్డా, రేపటిది రేపు," అని ఓదార్చింది. ఏం పోయిందని ఓదారుస్తోందో ప్రవళికకు అర్థం కాలేదు. పిల్ల మాత్రం గుప్పిళ్ళు బిగించి హాయిగా నిద్రపోయింది.

ఇరవయ్యొకటో రోజున పాపకు పేరు పెట్టే తొట్టెల పండుగ. సూర్యాపేట నుంచి అత్తవారు రెండు కార్లలో దిగారు. వీరేందర్ రాగానే గేటుకు ఫ్లెక్సీ కట్టించాడు. లింగమ్మ మొదట కుదిర్చిన జతే: ఎడమ వైపు పాప ఫొటో, కింద 'లహరి'. కుడి వైపు కోటు వేసుకున్న ఒక బాబు, కింద 'విహారి, త్వరలో'. ఆ బాబుది ఏ దేశమో ఏమో, కళ్ళు నీలంగా ఉన్నాయి.

"ఎట్లున్నది?" అన్నాడు భార్యతో, మెచ్చుకుంటుందని నిలబడి.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. వెనక్కి తిరిగితే తండ్రి కూడా ఆ ఫ్లెక్సీనే చూస్తున్నాడు. కూతురు చూసేసరికి తల దించుకుని, వంటవాళ్ళ దగ్గర పనున్నట్టు లోపలికి పోయాడు.

పేరు పిలిచే హక్కు మేనత్తది. మిర్యాలగూడ నుంచి వీరేందర్ అక్క అక్షిత ఇద్దరు కూతుళ్ళతో వచ్చింది. మేనత్త పిల్ల చెవిలో మూడుసార్లు పేరు పిలవాలి, ఇక అదే పేరు. చెవిలో పడ్డ పేరు మార్చితే పిల్లకు అరిష్టమని లింగమ్మ పొద్దుటి నుంచి వచ్చినవాళ్ళందరికీ చెబుతూనే ఉంది.

పాపను తొట్టెలో వేశారు. అక్షిత వంగింది. ప్రవళిక తొట్టె తాడు పట్టుకుంది.

"వదినా, రెండు పేర్లూ దీనికే పిలువు."

"రెండేంది?" అంది అక్షిత.

"లహరి విహారి. రెండూ."

పేరంటాళ్ళు తొట్టె దగ్గరికి జరిగారు. "ఓ పిల్లా! రెండోది తమ్మునిది!" అంది లింగమ్మ.

"తమ్ముడు ఎక్కడున్నాడు అత్తమ్మా?" ప్రవళిక తాడు వదల్లేదు. "గేటుకు ఉన్నాడు. తొట్టెలో ఉన్నది ఇదొక్కతే. ఉన్నదానికి సగం, లేనోడికి సగం నేను పెట్టను."

అక్షిత తల్లి వైపు చూసింది. అక్షిత ఇద్దరు కూతుళ్ళు అన్విత, అనన్య. అన్వేష్ అనే పేరు కోసం మూడో కాన్పుకు సిద్ధపడమని తల్లీ అత్తా ఏళ్ళుగా ఆమె ప్రాణం తీస్తున్నారు. ఆ ఇద్దరు ఆడపిల్లలూ తొట్టెకు అటొకరు ఇటొకరు నిలబడి, పాప వేళ్ళు లెక్కపెడుతున్నారు.

అక్షిత వంగి, చెవిలో "లహరి విహారి" అంది. రెండోసారి కాస్త పైకి అంది. మూడోసారి వంటవాళ్ళకు కూడా వినపడేలా అంది.

"ఇగ వచ్చేటోనికి ఏం పెడ్తరే?" లింగమ్మ నెత్తి కొట్టుకుంది.

"వచ్చినంక వాని మొఖం సూసి పెడ్తరు అమ్మా," అంది అక్షిత. "ముందుగాల దీని మొఖం సూడు."

చెవిలో పడ్డ పేరు మార్చకూడదన్నది తనే కాబట్టి లింగమ్మ ఇంకేం అనలేకపోయింది. వీరేందర్‌కు మాత్రం వేరే దిగులు పట్టుకుంది. "మరి ఫ్లెక్సీ?"

"ఫ్లెక్సీలో తప్పేముందండీ? పేర్లు రెండూ సరిగ్గానే ఉన్నాయి," అంది ప్రవళిక. "ఆ బాబు బొమ్మ కోసేస్తే సరి."

ఎవరూ కదల్లేదు. గోడవారగా నిలబడి ఉన్న సైదులు మెల్లగా లోపలికి పోయాడు. కత్తెర వెతికి తెచ్చుకుని, ఎవరి వైపూ చూడకుండా గేటు దగ్గరికి నడిచాడు.