చూసినవారి సంతకం

“ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు ఉండి, ముక్కులు ఎక్కడ పారేసుకున్నారు?” అని భర్త వీధి గుమ్మంలోంచే కేకేశాడు.

వంటింట్లో పాలు పొంగి పొయ్యి నిండా కారాయి. గిన్నెలో మిగిలినవి అడుగంటి నల్లగా మాడుతున్నాయి. ఆమె పొయ్యికి బారెడు దూరంలో వీపు తిప్పి కూర్చుని కూరగాయలు తరుగుతోంది. అత్తగారు వంటింటి గుమ్మానికి ఆనుకుని, షాపుకొచ్చిన చొక్కాలకు ఊడిన గుండీలు కుడుతోంది. వీధిలో నడిచొస్తున్న మనిషి పసిగట్టిన మాడువాసన ఈ ఇద్దరికీ తెలియలేదు.

“నాకు జలుబురా,” అంది అత్తగారు చప్పున. “దానికేమొచ్చింది? షాపులో సూదిమొనంత లీకున్నా పసిగడుతుంది, ఇంట్లో పాలు మాడితే మాత్రం పట్టదు. ఎప్పుడూ ఏదో ధ్యాసలో ఉంటుంది.”

ఏదో ధ్యాసలో ఉండడమే అయితే ఎంత బాగుండేదో! ఆమె గిన్నె తోముతూ, ఎవరూ చూడకుండా దాన్ని మొహం దగ్గరికి తెచ్చుకుని గట్టిగా పీల్చింది. చల్లటి గాలి తప్ప ఏమీ లేదు. సబ్బు వాసన చూసింది, ఉల్లిపాయ ముక్క వాసన చూసింది, తన కొంగు వాసన చూసింది. ఏమీ లేదు. మూడు నెలల కిందట మొదట సబ్బు వాసన పోయినప్పుడు, ఈమధ్య కంపెనీవాళ్ళు సబ్బుల్లో కూడా కక్కుర్తి పడుతున్నారని తిట్టుకుంది. తర్వాత కొబ్బరినూనె వాసన పోయింది. అప్పుడు నూనె కంపెనీని తిట్టుకుంది. తిట్టుకోవడానికి కంపెనీలు అయిపోయాక గాని తన ముక్కు మీద అనుమానం రాలేదు. వచ్చాక ఎవరికీ చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణముంది. వాళ్ళది డ్రైక్లీనింగ్ షాపు. ముందు గదిలో, తలుపు పక్కన, ఫ్యాను కింద భర్త కూర్చుంటాడు. బట్టలు తీసుకుంటాడు, చీటీ రాస్తాడు, వచ్చినవాళ్ళతో లోకాభిరామాయణం మాట్లాడతాడు. వెనక గదిలో పెద్ద యంత్రం ఉంటుంది, దానితో ఆమె ఉంటుంది. జేబులు తడిమి చూడడం, మరకల్ని విడిగా రుద్దడం, యంత్రంలో వేయడం, తీయడం, ఇస్త్రీ చేయడం, జాలీలో చేరిన పీచు దులపడం, అన్నీ ఆమెవే. ఆ యంత్రంలో బట్టలు నీళ్ళతో ఉతకరు, ఒక రసాయనంతో ఉతుకుతారు. తియ్యటి వాసన దానికి. అది ఎక్కడ కొంచెం లీకైనా ఆమె ముక్కు పట్టేసేది. “మా ఆవిడ ముక్కుండగా మాకు మీటర్లెందుకండీ,” అని భర్త వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఆమె వంటని మెచ్చుకోలేదు, ఇస్త్రీని మెచ్చుకోలేదు, మామగారికి చివరి రెండేళ్ళు చేసిన సేవని మెచ్చుకోలేదు. పదిహేనేళ్ళ కాపురంలో ఆమెకు దక్కిన మెప్పు ఆ ముక్కొక్కటే. అది కూడా పోయిందని ఏ నోటితో చెబుతుంది?

ఆ వారమే పర్యావరణ శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. ఇలాంటి యంత్రాలున్నవాళ్ళు ప్రతివారం లీకులు చూసి, చూసినట్టు రాసి పెట్టాలి. గడిచిన ఏడాది రాతలు నెలలోగా చూపించాలి. లేకపోతే యంత్రం ఆపాల్సి వస్తుంది. భర్త ఉత్తరం చదివి కాసేపు తల పట్టుకున్నాడు. అంతలోనే తేలిగ్గా నవ్వేశాడు.

“దీనికింత కంగారెందుకు? ఎలాగూ చూస్తూనే ఉన్నావుగా. ఒక కొత్త పుస్తకం తీసుకుని, కూర్చుని యాభైరెండు వారాలూ రాసెయ్. వారానికో కలం మార్చు, నమ్మేలా ఉంటుంది. కింద నేను సంతకం పెడతాను.”

ఆమె పుస్తకం తెరిచింది. మొదటి వారం అని రాసింది. ‘లీకు లేదు’ అని రాయబోతే చెయ్యి ఆగిపోయింది. మొదటి తొమ్మిది నెలలూ నిజంగానే చూసింది, లేదని గుండెల మీద చెయ్యేసుకుని చెప్పగలదు. మరి ఈ మూడు నెలలు? యంత్రం చుట్టూ తిరిగింది, వంగింది, పీల్చింది, ఏ వాసనా లేకపోతే లీకు లేదనుకుంది. గుడ్డివాడు దీపం చూసి ఆరిపోయిందన్నట్టు! అక్కడ ఏముందో, రోజూ ఎంత పీలుస్తోందో ఆమెకే తెలియదు. సాయంత్రమయ్యేసరికి తల దిమ్ముగా ఉండడం, మెట్లెక్కుతుంటే తూలడం ఇప్పుడు గుర్తొచ్చి భయం వేసింది. భయం కన్నా ఎక్కువగా కోపం వచ్చింది. తను చూడాలి, తను రాయాలి, సంతకం మాత్రం ఆయనది!

చొక్కా చేతికొస్తే కాలరు తిప్పి చూడడం, జేబు లోపలి గుడ్డ బయటికి లాగి చూడడం ఆమెకు అలవాటు. మురికంతా వెనకవైపే ఉంటుంది. ఆ అలవాటుతోనే ఉత్తరం కూడా తిప్పి చూసింది. వెనక, అడుగున, చీమల బారులాంటి చిన్న అక్షరాల్లో ఉంది: ‘నిబంధనలు అర్థం కాకపోతే చిన్న వ్యాపారుల సహాయ విభాగానికి ఫోన్ చేయండి. సలహా ఉచితం. మేము తనిఖీవాళ్ళం కాము. మీరు చెప్పిన విషయాలు తనిఖీవాళ్ళకు చేరవు.’ ముందువైపు చదివి బెదిరిపోయిన మగమనిషి ఈ వైపు చూడనే లేదు.

మధ్యాహ్నం భర్త బట్టలు అందించడానికి వెళ్ళినప్పుడు ఫోన్ చేసింది. అవతల ఒకావిడ ఎత్తింది.

“పేరు చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదమ్మా. షాపులో మీరేం చేస్తుంటారు?”

“నేనేం లేదండీ. మావారికి సాయంగా ఉంటాను.”

“యంత్రం ఎవరు నడుపుతారు?”

“నేనే.”

“జాలీలు, ఫిల్టర్లు ఎవరు శుభ్రం చేస్తారు?”

“నేనే.”

“లీకులు చూసేది?”

“నేనేనండీ.”

“అయితే మీవారే మీకు సాయంగా ఉంటున్నారన్నమాట,” అంది అవతలి గొంతు, ఏమీ ఎరగనట్టు.

ఆమెకు నవ్వాగలేదు. ఎంతకాలానికో అంత గట్టిగా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, సోమవారం రమ్మని చెప్పింది.

భర్త విని మండిపడ్డాడు. “కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదే! గవర్నమెంటు వాళ్ళని ఎవరైనా ఇంటికి పిలుస్తారా? నీకెవరిచ్చారు ఈ సలహా?”

“ఉత్తరమే ఇచ్చింది. తిప్పి చదవండి,” అని ఇస్త్రీపెట్టె అందుకుంది.

సోమవారం ఆ సలహాదారు వచ్చింది. యాభై దాటిన మనిషి, భుజాన సంచీ, సంచీలో టార్చిలైటులాంటి చిన్న పరికరం. భర్త కుర్చీ వేశాడు, ఫ్యాను ఆవిడ వైపు తిప్పాడు, “ప్రతివారం లీకులు నేనే చూస్తానండీ,” అన్నాడు.

“మంచిది. ఎక్కడెక్కడ చూస్తారు?”

“అంటే... మొత్తం చూస్తాను. చుట్టూ.” చేత్తో గాలిలో ఒక సున్నా చుట్టాడు.

ఆమె ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి కదిలొచ్చింది. “తలుపు రబ్బరు దగ్గర మొదలుపెడతానండీ. తర్వాత గొట్టాల అతుకులు, ఆ తర్వాత జాలీ మూత, చివరికి పంపు,” అని ఒక్కొక్కటీ తాకి చూపించింది. సలహాదారు ఆమె వెనకే నడిచి, పరికరాన్ని తలుపు అంచుకు దగ్గరగా పెట్టింది. అది తోక తొక్కిన పిల్లిలా కీచుమంది.

“అవునండోయ్, ఇక్కడ ఏదో తియ్యటి వాసన వస్తోంది,” అన్నాడు వెనకే వచ్చిన భర్త. “నాకే తెలుస్తోంది. నీకు తెలీలేదా?”

ఇద్దరూ ఆమె వైపు చూశారు. ఇంతకాలం దాచిన మాట, ఇప్పుడు దాస్తే ఇక ఎప్పటికీ దాచాల్సిందే.

“తెలీలేదు. నాకు మూడు నెలల నుంచి ఏ వాసనా తెలీడం లేదు. మొన్న పాలు మాడిందీ తెలీలేదు.”

సలహాదారు పరికరం ఆపి, వెనక గది తలుపులు బార్లా తెరిపించింది. యంత్రం ఆపమంది.

“ముక్కు మీటరు కాదమ్మా. వాసన చూసి లీకు కనిపెట్టడమంటే, లీకయిందంతా పీల్చడమేగా? ముందు డాక్టరుకి చూపించుకోండి. కొందరికి దూరంగా ఉంటే మెల్లగా తిరిగొస్తుంది, డాక్టరే చెప్పాలి. రబ్బరు మార్చి, గాలి బయటికి లాగే ఫ్యాను పెట్టేదాకా దీన్ని నడపొద్దు. పరికరం మా ఆఫీసు నుంచి అరువిస్తాం.” తర్వాత, బల్ల మీదున్న కొత్త పుస్తకం చూసి అడిగింది. “ఇదేంటి?”

ఆమే చెప్పింది. ఏం రాయమన్నాడో, ఎక్కడ ఆగిందో.

“మంచిపని చేశారు. చూడండి, చట్టం దృష్టిలో రాయని పని చేయనట్టే లెక్క. చేయని పని రాస్తే అది అబద్ధం. ఉన్నదున్నట్టు ఉత్తరం రాసి గడువు అడగండి. ఎలా రాయాలో నేను చెబుతాను. తప్పు తామే చెప్పుకున్నవాళ్ళకి గడువు దొరుకుతుంది.”

రాయని పని చేయనట్టే లెక్క. ఆమె ఆ మాట దగ్గరే ఉండిపోయింది. పదిహేనేళ్ళు ఈ గదిలో నిలబడ్డ కాళ్ళు, ఈ చేతులు, ఈ ముక్కు, ఎక్కడా ఒక్క గీతలో కూడా లేవు. ఎవరైనా వచ్చి అడిగితే చూపించుకోవడానికి తన దగ్గర ఏముంది, పోయిన వాసన తప్ప?

“మీకు ముందు లీకులు ఎవరు చూసేవారు?” అంది సలహాదారు.

“మా అత్తగారు,” అంది. ఆ రోజు వంటింటి గుమ్మంలో కూర్చున్న అత్తగారు, ‘నాకు జలుబురా’ అన్న తొందర, ఇన్నేళ్ళుగా ‘అమ్మాయ్, కూర మాడుతోందేమో చూడు’ అని పూటకోసారి అడగడం, అన్నీ ఒకేసారి కళ్ళముందుకొచ్చాయి. ఆవిడది చాదస్తమనుకుంది తను. చాదస్తం కాదు.

ఇంటికి వెళ్ళి, చేతిసంచీ కూడా దించకుండా అడిగింది. “ఎప్పట్నించి అత్తయ్యా?”

అత్తగారు సూదిలో దారం ఎక్కిస్తోంది. ఏమిటని అడగలేదు.

“మీ పెళ్ళికి రెండేళ్ళ ముందు నుంచి.” దారం తప్పింది, మళ్ళీ తడిచేసి ఎక్కించింది. “చెబితే మీ మామయ్య నన్నెందుకూ పనికిరాదంటాడని చెప్పలేదు. నువ్వొచ్చావు. మొదటి వారంలోనే లీకు పట్టేశావు. అమ్మయ్య, నేను బయటపడ్డాననుకున్నాను. దీని ముక్కు బంగారం అని ఊరంతా చెప్పింది నేనేనమ్మా. నిన్ను అక్కడ నిలబెట్టింది నేనే.”

ఆమెకు కోపం రావాలి. వచ్చింది కూడా. పదిహేనేళ్ళు తను మెడలో వేసుకు తిరిగిన మెప్పు ఇదా! కాని ఎదురుగా ఉన్నది, సూది పట్టుకున్న ఒక ముసలామె. ఇన్నేళ్ళు మనవరాలి తల వాసన కూడా ఎరక్కుండా, ఎరిగినట్టు నటించిన మనిషి. కోపం తీర్చుకోవడానికి ఆ భుజాలు చాలవనిపించింది. పక్కన కూర్చుని చొక్కా అందుకుని, “రెండో గుండీ నేను కుడతానివ్వండి,” అంది.

మర్నాడు పొద్దున్న పాలు పొయ్యి మీద పెట్టి భర్తను పిలిచింది.

“ఇక్కడ నిలబడండి. పొంగుతాయి, మాడతాయి, చూసుకోవాలి.”

“నేనా? నాకు షాపు టైమవుతోంది.”

“ఏం చేయమంటారు? పెద్దవాళ్ళలో పనిచేసే ముక్కు మీదొక్కటేగా.”

అత్తగారు గుమ్మంలో కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను మొదట ఇద్దరినీ మిర్రిమిర్రి చూశాడు. తర్వాత గరిటె పట్టుకుని పొయ్యి ముందు కాపలా నిలబడ్డాడు. పాలు పొంగాయి. ఆ రోజుకి మాడలేదు.

మూడు వారాల తర్వాత శాఖ నుంచి గడువిస్తూ జవాబొచ్చింది. అప్పటికే కొత్త రబ్బరు, గోడకి గాలిలాగే ఫ్యాను అమర్చారు. డాక్టరు మందులు రాసి, వేచి చూడమన్నాడు. ఏదో ఒకరోజు ఇస్త్రీ చేసిన గుడ్డలోంచి వేడి వాసనలాంటిది అందీ అందనట్టు తగిలిందని ఆమెకు అనిపించింది గాని, ఆశపడి బయటికి చెప్పలేదు. సలహాదారు ఇచ్చిన పెద్ద క్యాలెండరు వెనక గదిలో మేకుకి వేలాడదీసింది. వారానికో గడి. గడిలో తేదీ, చూసిన చోట్లు, చివర ‘చూసినవారి సంతకం’.

భర్త అలవాటుగా జేబులోంచి కలం తీశాడు.

“ఆగండి. చూసినవాళ్ళే పెట్టాలి.”

“నేను చూడలేదా?”

“ఇవాళ చూడండి. తర్వాత పెట్టండి,” అని పరికరం చేతికిచ్చింది.

ఆ రోజు అత్తగారు కూడా షాపుకొచ్చింది. పదిహేనేళ్ళలో వెనక గదిలోకి రావడం అదే మొదలు. యంత్రం వైపు చూడలేదు. నేరుగా క్యాలెండరు దగ్గరికెళ్ళి, గళ్ళ మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ జరుపుతూ, చిన్నపిల్లలా అడిగింది.

“అమ్మాయ్, నా సంవత్సరాలకి ఇందులో గడి లేదా?”

ఆమె క్యాలెండరు మేకు నుంచి తీసి, బల్ల మీద బోర్లించింది. వెనకవైపు తెల్లగా ఉంది. కలం అత్తగారి చేతికిచ్చింది. ఆవిడ ఒక్కో అక్షరానికీ ఆగుతూ, పదహారేళ్ళు చూశానని రాసి సంతకం పెట్టింది. దాని కింద ఆమె పదిహేనేళ్ళు అని రాసి తన సంతకం పెట్టింది. ఆ కింద ఇంకా చాలా చోటుంది. ఇంట్లో పన్నెండేళ్ళ కూతురుంది. మొన్ననే ఎవరో, దీనికి అమ్మ ముక్కే వచ్చిందన్నారు.

రెండు సంతకాల కింద ఆమె అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివరకు గీత గీసింది. క్యాలెండరు తిప్పి మళ్ళీ మేకుకి తగిలించింది.

యంత్రం ముందు భర్త పరికరం పట్టుకుని నిలబడి ఉన్నాడు. “ఎక్కణ్ణించి మొదలుపెట్టాలే?” అన్నాడు.

“తలుపు రబ్బరు దగ్గర్నించి,” అంది ఆమె. “నిదానంగా చూడండి.”