రాతికి వినబడే మాట

మా పోర్ట్‌లాండ్ దీవిలో ఒక మాటను రాయవచ్చు గాని అనకూడదు. రాతికి చదువు రాదు, చెవులు మాత్రం ఉన్నాయి. అందుకే ఇక్కడ ఒకసారి రాస్తున్నాను: రాబిట్. ఇంగ్లీషు నేల మీద కుందేలుకు ఉన్న మామూలు పేరు అది. మేము మాత్రం పొడుగుచెవులాయన అంటాం. అది కూడా అనాలనిపించనప్పుడు చెవి పక్కన రెండు వేళ్ళు నిలబెట్టి ఊరుకుంటాం.

క్వారీ అంచున ఉన్న మట్టిని అది గుల్ల చేస్తుంది. గుల్లబారిన మట్టిలో వాన నిలుస్తుంది. వాన నిలిచిన నిలువు రాతిగోడ ఒకనాడు కిందికి వస్తుంది. పనికి పోయే దారిలో ఆ జంతువు కనబడితే మగవాళ్ళు ఇంటికి తిరిగి వస్తారు. ఎందుకొచ్చావని ఏ ఇల్లాలూ అడగదు. క్వారీలో ఉండగా దాని పేరు వినబడితే పనిముట్లు ఎక్కడివక్కడ విడిచి పైకి వస్తారు; ఎందుకని ఏ మేస్త్రీ అడగడు. అయితే ఆ పేరు అన్నవాళ్ళను ఎవరూ క్షమించరు. పేరు పెట్టి పిలిస్తే గోడ పలుకుతుందని మా నమ్మకం.

యుద్ధం ముగిసి కొన్నేళ్ళయింది. లండన్‌లో కూలిన భవనాలన్నీ మళ్ళీ లేస్తున్నాయి, వాటికి మా తెల్లరాయి కావాలి. అంతటి తొందరలో, ఎడతెగని వానల్లో, పెల్‌హామ్ గారు హెస్టర్ కూంబెన్ ఇంట్లో బసకు దిగారు. ఒకే ఒక్క మాట మీద పుస్తకం రాస్తున్నారాయన. ఆ మాట ఏదో తెలిశాక హెస్టర్ వీధి తలుపు తీసిపట్టుకుని, “ఉండండి, తినండి, ఎన్నాళ్ళయినా పడుకోండి. ఆ మాట మాత్రం నా ఇంట్లో నోటితో అనకండి,” అంది. ఆయన టోపీ తీసి ఒప్పుకున్నారు. ఒప్పుకున్న మాట తప్పలేదు కూడా.

హెస్టర్‌కు తమ్ముడు తప్ప ఎవరూ లేరు. వాడి పేరు ఏబెల్. పడమటి గోడ కింద రాయి చీల్చేవాడు. వాళ్ళ తండ్రి ఆ క్వారీలోనే పోయాడు. ఆ రోజు ఉదయం గేటు దగ్గర పొడుగుచెవులాయన కనబడ్డాడని, అంతకుముందు రోజే వెనక్కి వచ్చాను గనుక మళ్ళీ రావడానికి సిగ్గుపడ్డానని, రాళ్ళ కింద నుంచి తీశాక తండ్రి అన్న ఆఖరి మాట. ఏం జరిగినా హెస్టర్ మనసులో మిగిలింది ఒకటే: నాన్న నోరు మూసుకున్నందుకు పోయాడు.

రాత్రి భోజనాల దగ్గర పెల్‌హామ్ గారు చేపముక్క ముల్లు తీస్తూ తన మాట గురించి చెప్పేవారు, పెళ్ళికాని కుర్రాడు తన పిల్ల గురించి చెప్పినట్టు.

“మొదట్లో అది పెద్దదాని పేరు కాదమ్మా, పిల్లది. పెద్దదాన్ని కోనీ అనేవారు. తర్వాత్తర్వాత కోనీ అంటే ఒక బూతుమాటలా వినబడడం మొదలైంది. పెద్దమనుషులు సిగ్గుపడి వదిలేశారు. పిల్ల పేరే తల్లికీ అంటుకుంది.”

“ఆ పిల్ల పేరు మాత్రం ఎక్కడిదండీ?” అన్నాడు ఏబెల్.

“సముద్రానికి అవతలిది. ఫ్లెమిష్ వాళ్ళ నోట్లోంచో, అటు పక్క ఫ్రెంచి పల్లెల్లోంచో వచ్చిందంటారు. గట్టిగా ఎవరికీ తెలీదు. ఆ జంతువూ అవతలిదే. నార్మన్ దొరలు మాంసం కోసం తెచ్చి పెంచుకున్నారట.”

“అయితే ఆయనా మీలాగే కింబర్లినే,” అన్నాడు ఏబెల్. దీవి బయట పుట్టినవాళ్ళందరూ మాకు కింబర్లిన్లే. “అక్కా, విన్నావా? ఈయన చుట్టాన్ని వెతుక్కుంటూ వచ్చాడు.”

“తినరా. చుట్టాల గోల తర్వాత,” అంది హెస్టర్. నవ్వలేదు.

పెల్‌హామ్ గారు నవ్వారు. ఇంకా చెప్పారు. లండన్‌లో తెరిపి లేకుండా వాగేవాణ్ణి ఆ మాటతోనే వెక్కిరిస్తారట. క్రికెట్‌లో బ్యాట్ పట్టడం చేతకాని వాడికీ అదే పేరట. రొట్టె మీద జున్ను కరిగించి, దాని ముందు వేల్స్ వాళ్ళ పేరు తగిలించి, మాంసం దొరకని వాళ్ళ మాంసం అదేనని ఎగతాళి చేస్తారట.

“మెడ వెనక అరచేతి అంచుతో కొట్టే దెబ్బకి కూడా అదే పేరు. వేటగాళ్ళు దాన్ని అలాగే చంపుతారు. ఒక్క దెబ్బ. అరవదు కూడా.”

పెల్‌హామ్ గారు ఇంకో చేపముక్క వడ్డించుకున్నారు.

“ఇంకో వింత చెప్పనా? నెల మొదటి రోజున లేస్తూనే, ఇంకే మాటా అనకముందే, దాని పేరు అంటే అదృష్టమని నమ్మేవాళ్ళు దేశమంతా ఉన్నారు.”

హెస్టర్ చేతిలో పళ్ళెం ఆగింది. “వాళ్ళ ఇళ్ళ మీద రాయి లేదు కాబోలు,” అంది.

“ఇన్ని అర్థాలు దొరికాయి గానీ, మీ దీవి అర్థం ఒక్కటే నా చేతికి చిక్కడం లేదు, హెస్టర్ గారూ.”

“మాకు అర్థం ఎందుకండీ. అంటే వస్తుంది. అందుకని అనం.”

మర్నాడు వాన తెరిపిచ్చింది. ఆకాశం కడిగిన పలకలా ఉంది. సముద్రం మాత్రం మురికిగా, మూలుగుతూ ఉంది. మధ్యాహ్నం హెస్టర్ టీ డబ్బా, రొట్టెల మూట పట్టుకుని క్వారీకి బయలుదేరింది. ఏం చూడాలని వెంట వచ్చారో గాని పెల్‌హామ్ గారు కూడా కొద్ది దూరంలో నడుస్తున్నారు.

పడమటి గోడ మీది గడ్డిలో ఆమె కాలు ఆగింది. తడి మట్టిలో కొత్తగా తవ్విన బొరియ, దాని నోట తెల్లటి రాతిపొడి. పొడుగుచెవులాయన జాడ లేదు. బొరియ పక్కనుంచి, క్వారీ అంచుకు సమంగా, గడ్డి చీలి ఉంది. ఆమె బొటనవేలు పెట్టి చూసింది. వేలు దిగింది. లోపల చల్లని గాలి తగిలింది, ఎవరో కింద నిద్రపోతూ వదిలిన ఊపిరిలా.

అంచున నిలబడి కిందికి చూసింది. గోడ కింద తమ్ముడు వంగి రాతిలోకి ఇనుప చీలలు దించుతున్నాడు. సమ్మెట లేచి పడుతున్న ప్రతిసారీ ఆ దెబ్బ ఆమె పాదాలకు తెలుస్తోంది.

మేస్త్రీ రూబెన్ అట్‌వుల్ క్రేన్ దగ్గర ఉన్నాడు. తండ్రికి వరసకు తమ్ముడు.

“బాబాయ్, పడమటి గోడ మీద నేల చీలింది. వాళ్ళని పైకి పిలువు.”

“ఆ చీలిక మా తాతప్పటి నుంచీ ఉందే.”

“ఈ చీలిక కొత్తది. వేలు దిగుతోంది.”

“పొద్దున నేను చూడలేదనుకున్నావా? నీ వేలు సన్నం, అందుకని దిగింది.” పక్కనున్న క్రేన్ మనిషి కిసుక్కుమన్నాడు. “నేల సంగతి నాకొదిలెయ్, అమ్మాయ్. సాయంత్రానికి ఏబెల్ కొడుతున్న ఆ రాతిదిమ్మ పడవెక్కాలి. అది సరే, ఆయన కనబడ్డాడా నీకు?” చెవి పక్కన రెండు వేళ్ళు నిలబెట్టాడు.

కనబడ్డాడంటే అందరూ పైకి వస్తారు. చీలిక మీద వాదించవచ్చు. ఆయన మీద ఎవరూ వాదించరు. హెస్టర్‌కు అబద్ధం నోటిదాకా వచ్చింది. వచ్చి, నాన్న ఆఖరి మాట గుర్తొచ్చి ఆగిపోయింది.

“బొరియ ఉంది. ఆయన కనబళ్ళేదు.”

“కనబడినప్పుడు చెప్పు,” అని రూబెన్ అటు తిరిగాడు.

కింద సమ్మెట మళ్ళీ పడింది. గడ్డి అంచు నుంచి చిన్న మట్టిపెళ్ళ జారి, చప్పుడు లేకుండా లోపలికి పోయింది. హెస్టర్ మూట కింద పెట్టింది, అంచుకు నడిచింది, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అనని మాటను నోరారా అంది. మళ్ళీ అంది.

సమ్మెటలు ఆగాయి. క్రేన్ ఆగింది. ఒక్కొక్కరే చేతిలోవి వదిలి, తల పైకెత్తకుండా, పరుగెత్తకుండా, శవం వెంట నడిచినట్టు దారి పట్టి పైకి వచ్చారు. ఏబెల్ ఆఖరున వచ్చాడు. వాడి ముఖం సున్నంలా ఉంది.

అందరూ గడ్డి మీద నిలబడ్డారు. గోడ కూడా నిలబడే ఉంది.

“చూసిందా ఈవిడ?” అన్నారెవరో.

“చూళ్ళేదు,” అన్నాడు రూబెన్. “చూళ్ళేదని నాతోనే చెప్పింది. చెప్పి మరీ అంది.” అతను హెస్టర్ వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. “గోడ పడితే నువ్వు పిలిచావంటారు. పడకపోతే ఈ పూట కూలి నువ్వు తిన్నావంటారు. ఏది కావాలో కోరుకో తల్లీ.”

ఎవరూ ఆమె పక్కకు రాలేదు. పెల్‌హామ్ గారు రాబోయి, ఆ ముఖాలు చూసి ఆగిపోయారు. అప్పుడు ఏబెల్ చొక్కా చేతులు పైకి మడిచాడు.

“మా అక్క నోట్లో ఏ శాపమూ లేదు,” అన్నాడు. “నేను దిగి ఆ చీలల దగ్గర కూర్చుంటా. సాయంత్రం దాకా కూర్చుంటా. ఏమీ రాదు, చూడండి. అప్పుడు ఎవడు ఏమంటాడో అనమను.”

“ఏబెల్, వద్దురా.”

“నీ కోసమే అక్కా.”

వాడు దిగిపోయాడు. వాణ్ణి పైకి పిలవడానికి హెస్టర్ దగ్గర ఇక ఏ మాటా లేదు. ఉన్న మాటల్లోకెల్లా పెద్దది ఇప్పుడే ఖర్చయింది.

ఆడవాళ్ళు క్వారీ అడుక్కు దిగరు. హెస్టర్ దిగింది. మగవాళ్ళు గొణిగారు, ఎవరూ చెయ్యి పట్టి ఆపలేదు. కింద గాలి లేదు. గోడ దగ్గరికి వెళ్ళేకొద్దీ వెలుగు సన్నగిల్లింది. రాతి పొరల మధ్య నుంచి నీరు ఊరుతోంది. ఊరి, పాలలా తెల్లగా కారుతోంది. ఏబెల్ దిమ్మ మీద కూర్చుని ఉన్నాడు. వాడి పక్కనే కూర్చుంది.

“పైకి పో అక్కా.”

“నువ్వు లేచినప్పుడు లేస్తా.”

“నవ్వుతారు నన్ను చూసి.”

“నవ్వనీ. నాన్నని చూసి ఎవరూ నవ్వలేదు.”

వాళ్ళ వెనక ఎక్కడో రాయి పళ్ళు కొరికింది. సన్నటి చప్పుడు, తలుపు సందులో గింజ నలిగినట్టు. ఇద్దరూ విన్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఏబెల్ ఆమె చెయ్యి పట్టుకుని లేచాడు. పైకి చేరేదాకా వదల్లేదు.

ఆ సాయంత్రం గోడ పడలేదు. కూలి పోయిన మనుషులు తిట్టుకుంటూ ఇళ్ళకు పోయారు. తెల్లవారుజామున పక్కల మీద ఉన్నవాళ్ళకు కిటికీ అద్దాలు గలగలమని వినబడ్డాయి, తర్వాత చాలాసేపు కుక్కలు మొరిగాయి. పొద్దున అందరికంటే ముందు వెళ్ళిన రూబెన్ అంచున టోపీ చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు. పడమటి గోడ అంతా కింద పరుచుకుని ఉంది. దిమ్మ లేదు, చీలలు లేవు, కూర్చున్న చోటు ఎక్కడో చెప్పడానికి గుర్తు లేదు.

హెస్టర్‌ను ఎవరూ తిట్టలేదు. ఎవరూ చేతులెత్తి దండం పెట్టలేదు. పెల్‌హామ్ గారు ఆ వారమే వెళ్ళిపోయారు. గుమ్మంలో ఏదో అడగబోయి, ఆమె పెదవులు కదలగానే వద్దన్నట్టు చెయ్యి ఎత్తారు. దుకాణంలో పిండి అడగడానికి ఆమె నోరు తెరిస్తే మాట్లాడుకుంటున్న వాళ్ళు ఆగిపోతారు, అడిగింది పిండేనని తేలాక గాని మళ్ళీ ఊపిరి తియ్యరు. తల్లులు పిల్లల్ని తమ గౌన్ల వెనక్కి లాక్కుంటారు. ప్రార్థనలో పాట మొదలైతే ఆమె కూర్చున్న బల్ల దగ్గర గొంతులు తగ్గుతాయి, ఆమె ఏ మాట పాడుతోందో వినడానికి.

అదంతా ఆమె ఓర్చుకుంది. ఒక రాత్రి భోజనం దగ్గర ఉప్పు అడుగుదామని తల ఎత్తింది. ఏబెల్ చెంచా మధ్యలో ఆపి, ఆమె నోటి వైపే చూస్తున్నాడు. బతికి ఉన్న తమ్ముడు, వేడి కూడు తింటున్న తమ్ముడు, గోడ కింద కూర్చున్నప్పుడు కూడా లేని భయంతో చూస్తున్నాడు.

హెస్టర్ పెదవులు మూసుకుంది. చెయ్యి చాచి ఉప్పు తనే తీసుకుంది.